దివి లైనుకి యాభై ఎనిమిది

2005 ఆగస్టు, శుక్రవారం ఉదయం. మచిలీపట్నంలో పూర్ణచంద్రరావు గారి మందుల ఏజెన్సీ. కంప్యూటరు ముందు ఆయన కూతురు హిమబిందు, ఎదురుగా దివిసీమ ఊళ్ళ షాపులకి మందులు చేరవేసే లైను వ్యాను డ్రైవరు సూరయ్య.

"పంక్చరు కాదు బాబాయ్. పంక్చరైతే బిల్లు ఉంటుంది. మార్చి నుంచి నీ వ్యానుకి రెండే రెండు బిల్లులున్నాయి."

"అయితే పులిగడ్డ దగ్గర ఆగుంటానమ్మా. ఆ వంతెన మీద ఎదురుగా లారీ వచ్చిందంటే ఇక కదలదు. మీరెప్పుడూ ఆ దారిన రాలేదు గానీ..."

"పులిగడ్డ నాగాయలంకకి ముందొస్తుందా, తర్వాతొస్తుందా?"

"ముందే."

"నాగాయలంక దాకా నువ్వు టైముకే ఉన్నావు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక, అన్నీ టైముకే. అక్కడి నుంచి కోడూరు వెళ్ళేసరికి గంటా పది నిమిషాలు లేటు. మంగళవారం అంతే, శుక్రవారం అంతే. ఆ మధ్యలో ఏం జరుగుతోంది?"

"రోడ్డు బాగోదమ్మా."

"రోడ్డు బాగోకపోతే ఒక రోజు ఇరవై నిమిషాలు, ఇంకో రోజు గంట లేటవుతుంది. అటూ ఇటూగా ఎప్పుడూ గంటా పదేనా? పైగా మీటరులో ఇరవై రెండు కిలోమీటర్లు ఎక్కువ తిరుగుతోంది. గుంతలు పడితే రోడ్డు పొడుగు కూడా పెరుగుతుందా?"

"ఆ మీటరు పాతదమ్మా. దాని మాట నమ్మకూడదు."

"మరి నీ మాట నమ్మమంటావా?"

"మీ ఇష్టం."

"నా ఇష్టం కాదు బాబాయ్. ఐదు నెలల చలాన్లు ఒక్కోటీ నేనే టైపు చేశాను. ఏ షాపుకి ఎన్నింటికి చేరాలి, ఎన్నింటికి చేరింది. గుడివాడ లైను తొంభై ఒక్క శాతం టైముకి వెళ్తోంది. బందరు టౌను తొంభై ఆరు. దివి లైను యాభై ఎనిమిది. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా యాభై ఎనిమిదే. ఊరి వారీగా చూశాను, వారం వారీగా చూశాను, వాన పడ్డ రోజులు తీసేసి చూశాను. ఎక్కడో ఒక గంట మాయమైపోతోంది. ఆ గంట నీ దగ్గరుంది. నువ్వేమో చెప్పవు."

"చెప్పడానికి ఏముందమ్మా."

"పది గంటలకి మందుల కంపెనీ వాళ్ళు వస్తున్నారు. నాన్న ఈ లైను మన ఇంకో డ్రైవరు కాంతారావు గారికి ఇచ్చేసి నిన్ను గోడౌన్లో కూర్చోబెట్టమంటున్నారు. తెలుసా?"

"తెలుసు. నిన్న చెప్పారు."

"చెప్తే ఏమన్నావు?"

"సరే అన్నాను."

"సరే అన్నావా? పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్న లైను తీసేస్తామంటే సరే అని ఊరుకున్నావా?"

"మరి ఏమనమంటారు? జులైలో నేను కంటి ఆపరేషనుకి వెళ్తే కాంతారావు రెండు వారాలు నడిపాడు. అప్పుడు తొంభై నాలుగు వచ్చిందని మీరే గోడకి అంటించారు. అదే వ్యాను, అదే రోడ్డు. ఆయన చేయగలిగింది నేను చేయలేకపోతున్నానంటే తప్పు నాదే కదా."

"నాకు తప్పు అక్కర్లేదు బాబాయ్, కారణం కావాలి. ఒక్క కారణం చెప్పు. ఏదైనా సరే, నాన్నతో నేను మాట్లాడతాను. చుట్టాలింటికి భోజనానికి వెళ్తున్నావా?"

"లేదమ్మా."

"వేరే వాళ్ళ సరుకు ఏదన్నా వేసుకుంటున్నావా?"

"ఆ మాట మాత్రం అనకండి."

"అననులే. తప్పుగా అడిగాను. ఏమనుకోకు."

"ఏటిమొగ వెళ్తున్నానమ్మా."

"ఏటిమొగా? రేవు దగ్గరికా? అక్కడ మనకి షాపు లేదే."

"షాపు లేదు. పంటు పడవ ఎక్కితే అవతల ఎదురుమొండి లంక. అక్కడుండేది."

"అది మార్చిలో తీసేశాం కదా. నెలకి మూడు పెట్టెలు కూడా పోవడం లేదని..."

"మీరు తీసేశారు. ఆ కాగితం కూడా ఆ గోడ మీదే ఉంది. కింద నాన్నగారి సంతకం."

"మరి ఇంకా ఎందుకు వెళ్తున్నావు?"

"ఆ మూడు పెట్టెల్లో ఒకటి ఇన్సులిను."

"ఇన్సులినా? ఎవరికి?"

"పదకొండు మంది వాడతారమ్మా ఆ లంకలో. నాగాయలంకలో సత్యానందం గారు తన ఆర్డర్లో కలిపి రాస్తారు. ఆయన షాపులో దింపేసి వెళ్ళిపోవచ్చు. కానీ ఆయనొక్కడే, షాపు వదిలి రేవుకి వెళ్ళలేడు. కరెంటు పోతే ఫ్రిజ్జు ఆగిపోతుంది. అందుకని ఐసు కరగకముందే నేనే రేవుకి తీసుకెళ్ళి పంటు గణపతి చేతికిస్తాను. పంటు ఇవతలి ఒడ్డున ఉంటే సరే. అవతలుంటే వచ్చేదాకా ఆగాలి. ఎప్పుడూ అవతలే ఉంటుంది."

"ఐదు నెలలు. ఐదు నెలల నుంచి నేనిక్కడ తల బద్దలు కొట్టుకుంటున్నాను. నువ్వు వచ్చి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"వెళ్ళొద్దని రాసింది మీరు. వెళ్తున్నానని మీకే ఎట్లా చెప్పనమ్మా?"

"నేను వెళ్ళొద్దని రాయలేదు. మూడు పెట్టెల కోసం ఇరవై రెండు కిలోమీటర్లు దండగ అని రాశాను."

"రెండూ ఒకటే కదా."

"నాకక్కడ పెట్టెలే కనబడ్డాయి బాబాయ్. పెట్టెలో ఏముందో చెప్పే గడి నా పట్టికలో లేదు. నేను పెట్టలేదు."

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదమ్మా."

"ఒక్క నిమిషం. జులైలో నువ్వు లేని రెండు వారాలూ కాంతారావు గారు రేవుకి వెళ్ళారా?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"వెళ్ళారా, లేదా?"

"నేను అడిగాను. లిస్టులో రాసి లేని ఊరికి వెళ్ళనన్నాడు. అందులో ఆయన తప్పేం లేదు."

"మరి ఆ పదకొండు మందీ?"

"ఎవరి తిప్పలు వాళ్ళు పడ్డారు. కొందరు అవనిగడ్డ వెళ్ళి తెచ్చుకున్నారు."

"కొందరంటే? మిగతా వాళ్ళు?"

"వదిలేయండమ్మా. ఇప్పుడంతా బాగానే ఉంది."

"ఏం జరిగింది బాబాయ్?"

"అంకమ్మని ఒకావిడుంది. వలలకి వెళ్ళే వాళ్ళు. కూతురు శ్రీదుర్గ తొమ్మిదో తరగతి. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ ఇన్సులిను పడాల్సిందే. ఇవాళొస్తుంది, రేపొస్తుందని ఉన్న సీసాని సగం సగం చేసి పొడిచింది. పిల్ల స్పృహ తప్పింది. పంటు మీద తెచ్చి, ఆటోలో అవనిగడ్డ తీసుకెళ్ళారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది."

"ఇప్పుడెలా ఉంది?"

"బడికి వెళ్తోంది. మొన్న మంగళవారం కాక అంతకుముందు మంగళవారం రేవులో కనబడింది. మందులు తెచ్చావా పెదనాన్నా అని అడిగింది."

"ఆ రెండు వారాలకే నేను తొంభై నాలుగు అని రంగు పెన్సిలుతో దిద్ది అంటించాను."

"మీకు తెలియదు కదమ్మా."

"తెలుసుకోలేదు. సరే, ఇప్పుడు విను. ఏటిమొగని మళ్ళీ లైనులో కలుపుతాను. కోడూరు టైము గంటా పావు తర్వాతికి జరుపుతాను. కోడూరు షాపుల వాళ్ళకి కావలసింది పన్నెండింటికి రావడం కాదు, వస్తానన్న టైముకి రావడం. అప్పుడు నీ శాతం ఎంతవుతుందో చూద్దాం. ఇదుగో, ఎనభై తొమ్మిది. ఒక్క గడి మారిస్తే యాభై ఎనిమిది ఎనభై తొమ్మిదైంది. నువ్వు లేటు కాదు బాబాయ్, నేను వేసిన టైమే తప్పు."

"నాన్నగారు ఒప్పుకుంటారా?"

"ఒప్పిస్తాను. కానీ ఒకటి అర్థం కావడం లేదు. రేవు ఒక్కటే తేడా అయితే కాంతారావు గారికి కూడా నీలాగే ఎనభై తొమ్మిది దగ్గర రావాలి. పులిగడ్డ వంతెన ఆయనకీ ఉంది కదా. తొంభై నాలుగు ఎలా వచ్చింది? ఉండు, ఆయన మీటరు రీడింగు చూస్తాను. ఇదేంటి, నూట ముప్ఫై ఉండాలి. ఎనభై రెండే ఉంది. నాలుగు ట్రిప్పులూ ఎనభై రెండే."

"ఆ మీటరు పాతదని చెప్పాను కదమ్మా."

"నీ కిలోమీటర్లు ప్రతి వారం చూశాను. ఆయనవి ఒక్కసారి కూడా చూడలేదు. శాతం బాగుందని వదిలేశాను. ఎనభై రెండుకి ఎక్కడి దాకా వెళ్ళి రావచ్చు?"

"నేను చెప్పనమ్మా. తోటి డ్రైవరు."

"అయితే సత్యానందం గారినే అడుగుతాను. స్పీకరు నొక్కుతున్నాను, నువ్వూ విను. హలో, సత్యానందం గారేనాండీ? బందరు నుంచి హిమబిందుని."

"చెప్పమ్మా. ఇవాళ బండి బయల్దేరిందా?"

"బయల్దేరుతుందండీ. జులైలో కాంతారావు గారు వచ్చినప్పుడు మీ షాపుకి సరుకు ఎన్నింటికి చేరేదో గుర్తుందా?"

"నా షాపుకా? ఆయన నాగాయలంక ఎప్పుడొచ్చాడమ్మా? అవనిగడ్డ బస్టాండులో దింపేసి ఫోను చేసేవాడు. నేనూ, కోడూరు వాళ్ళూ ఆటో కట్టించుకుని వెళ్ళి తెచ్చుకున్నాం. చలాను మీద టైము వేయకుండా సంతకం చేయించుకున్నాడు."

"టైము ఆయన తర్వాత వేసుకున్నారన్నమాట. మరి మీరు మాకు ఫోను చేయలేదేంటండీ?"

"చేయకేం? మీ నాన్నగారితోనే మాట్లాడాను కదా. కనుక్కుంటానన్నారు."

"నాన్నతోనా?"

"ఆయనతోనే. ఏమ్మా, ఏదన్నా ఇబ్బందా?"

"లేదండీ. ఉంటాను."

"అమ్మా, నేను వెళ్ళి సరుకు ఎక్కించుకుంటాను."

"కూర్చో బాబాయ్. నాన్న వస్తున్నారు."

"హిమా, ఇంకా కూర్చునే ఉన్నావా? తొమ్మిదీ ముప్పావు అయింది. ఆ దివి లైను కాగితం తీశావా? జులై రెండు వారాలవి పైన పెట్టమన్నాను. సూరయ్యా, నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?"

"అమ్మాయి గారు పిలిచారండీ."

"నాన్నా, కాంతారావు గారు అవనిగడ్డ దాటలేదని మీకు తెలుసా?"

"ఎవరు చెప్పారు?"

"తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"తెలిసే ఆ తొంభై నాలుగుని గోడ మీద ఉండనిచ్చారా? నేను అంటిస్తుంటే పక్కనే నుంచున్నారు."

"ఏం చేయమంటావు? ఏ లైనైనా సరే ఎనభై దాటాలని కంపెనీ రూలు పెట్టింది. దాటకపోతే ఆ ప్రాంతం విజయవాడ ఏజెన్సీ వాళ్ళకి ఇచ్చేస్తారు. వాళ్ళ బండి అవనిగడ్డ దాటుతుందనుకుంటున్నావా? అప్పుడు నాగాయలంక లేదు, కోడూరు లేదు. నేను చూస్తున్నది నీకు కనబడటం లేదు."

"ఏటిమొగ కూడా లేదు నాన్నా. జులైలో అక్కడొక పిల్ల చావు తప్పించుకుంది. అది తెలుసా?"

"అది తెలియదు."

"సూరయ్య బాబాయ్ ఆ గంటా పది నిమిషాలూ రేవులో నుంచుంటున్నాడు. చేతిలో ఇన్సులిను పెట్టె పట్టుకుని. మనమేమో ఆయన్ని గోడౌన్లో కూర్చోబెడదామనుకున్నాం."

"నిజమేనా సూరయ్యా?"

"మీరు కోప్పడతారని చెప్పలేదండీ."

"కోప్పడేవాణ్ణే. సరే, అదంతా తర్వాత చూద్దాం. ఏటిమొగ మళ్ళీ పెడదాం, నేను కాదనను. కానీ ఇవాళ్టికి ఈ గండం గడవాలమ్మా. వాళ్ళు వచ్చేది ఏజెన్సీ రెన్యువల్‌కి. యాభై ఎనిమిది చూశారంటే కథ అక్కడితో అయిపోతుంది. ఆ తొంభై నాలుగు కాగితం ఇటివ్వు."

"నేను ఇవ్వను."

"హిమా, పంతాలకి పోయే టైము కాదిది. ఫైలు చూసి, సంతకాలు పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. వాళ్ళకి దివిసీమ ఎక్కడుందో కూడా తెలియదు."

"వాళ్ళు రెన్యువల్‌కి రావడం లేదు నాన్నా, నా ఉత్తరం చూసి వస్తున్నారు. ఐదు నెలల చలాన్లూ, ఆ యాభై ఎనిమిదితో సహా, సోమవారం కొరియర్లో నేనే పంపాను. ఈ లైను ఎందుకు లేటవుతోందో నాకు అంతుపట్టడం లేదు, ఒక్క ట్రిప్పు మా సూరయ్య బాబాయ్ వ్యానులో కూర్చుని మీరే చూడండి అని రాశాను."