బుచ్చయ్యపేటలో తెల్లవారని రోజు

చెప్పేవాడికి అలుపూ, వినేవాళ్లకు పనీ లేనప్పుడే కథకు కాళ్లొస్తాయంటారు. ఆ మధ్యాహ్నం చోడవరంలో, దేముడమ్మ టీ దుకాణం ముందున్న బల్లల మీద ఆ రెండూ కుదిరాయి. రాత్రికి నాటకం. పందిరి లేచింది, పెట్రోమాక్స్ దీపాలు వచ్చాయి, తెరల పెట్టె బండి దిగింది. ఇక పొద్దు గడవడమే మిగిలింది.

సత్యారావు బల్ల చివర తల్లి పక్కన కూర్చున్నాడు. కొడుకు పద్యం చెవులారా వినాలని అచ్చియ్యమ్మ రావికమతం నుంచి ఎడ్లబండిలో వచ్చింది. అతడు నాటక సమాజంలో రెండో రాజు. నాటకంలో రాజు ఒక్కడే, వేషం కట్టేవారు ఇద్దరు: కొలువు నుంచి యుద్ధం దాకా మొదటి రాజు, రాజ్యం పోయి అడవి పట్టాక రెండో రాజు. పద్యనాటకాలకు అది మామూలే. మామూలు కానిది మొదటి రాజు గణపతిరావుగారి గొంతు. జనం ‘వన్స్‌మోర్’ అన్నకొద్దీ ఆయన పాడతారు, అననప్పుడు అన్నారనుకుని పాడతారు. రాజ్యం పోయే వేళకు తూర్పు తెల్లబడుతుంది, జనం చాపలు చుట్టుకుంటారు, సత్యారావు పూసుకున్న రంగు పూసుకున్నట్టే కడుక్కుంటాడు.

ఇవాళా అదే జరిగితే అమ్మ ముఖం ఎలా చూడాలన్నదే అతడి బెంగ. కాస్త తగ్గించండని పెద్దాయనను అడగడానికి నోరు రాదు. వేషం ఇప్పించినది ఆయనే.

“గొంతు దేవుడిస్తాడు, దయ మనమే పెంచుకోవాల,” అని గణపతిరావు గ్లాసు కింద పెట్టారు. “మొన్న బుచ్చయ్యపేటలో ఏటయ్యింది? రాణి వేషం కట్టే మన పరదేశిగాడికి గొంతు పట్టేసింది. సెరుకురసం తాగేడు గుంటడు, ఆశకొద్దీ. నా కోసం కాచిన మిరియాల పాలు నేను ముట్టకుండా ఆడి సేతిలో ఎట్టేను.”

“అది నిజమే,” అన్నాడు హార్మోనియం వాయించే ఉస్మాన్. “నా ఎదటే ఇచ్చేరు.”

ఆ ఒక్క సాక్ష్యం నిప్పుకు గాలి తగిలినట్టయింది.

“పాలు తాగినా గొంతు పెగల్లేదు. ఆ తరవాత ఏటయ్యిందో తెలుసా? నువ్వు ఊరికే పెదాలు కదపరా అని, నేను తెరెనక్కెళ్లి ఆడగొంతుతో రాణి పద్యం అందుకున్నాను, అది ముగిసీలోగా తెరముందుకొచ్చి రాజునై జవాబు పాడేను, మళ్లీ తెరెనక, మళ్లీ తెరముందు, ఆ రాకపోకల గాలికి దీపాలు రెపరెపలాడిపోయి, ముందర కూకున్న ముసిలోళ్లు దుప్పట్లు కప్పుకున్నారు!”

“పెట్రోమాక్సుకి గాజుంటాది కదా బాబూ,” అంది దేముడమ్మ పాలు తిరగగొడుతూ.

“గాజుంటాది అమ్మీ. గాలి అలాటిది. ఇంతలోన మన ఉస్మాన్ భాయ్ హార్మోనీ తిత్తి పటుక్కున చిరిగింది.”

“నాదా? ఎప్పుడు?”

“కళ్లు మూసుకుని వాయించీవోడివి, నీకేటి తెలుస్తాది? తోటి కళాకారుడి పరువు పోకూడదని నేనే ఎనకనుంచి ఒంగేను. ఒక ముక్కుతో గాలి పీల్చేను, నోటితో తిత్తిలోకి ఊదేను, రెండో ముక్కుతో రాగం తీసేను.”

బల్లలు కదిలేలా నవ్వారు అందరూ. సత్యారావుకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రాత్రి అతడికీ జ్ఞాపకముంది. తెర పక్కన నిలబడి నిలబడి, ఆరిన రంగుతో చెంపలు బిగుసుకుపోయిన రాత్రి అది.

“అదెంత! అసలు దయ ఇప్పుడు సెప్తాను, సూడండి. యుద్ధం సీను అయ్యీసరికి తూర్పు తెల్లబడతన్నాది. కోడి కుయ్యడానికి మెడ సాపింది. నా గుండె జల్లుమన్నాది. తెల్లారితే జనం లేచిపోతారు, మరి మన రెండో రాజు గతేటి? పాపం, రంగేసుకుని నిలబడ్డాడు. ఆడి కోసం, నా కోసం కాదు, ఆడి కోసం, ఒక ఆలాపన ఎత్తుకున్నాను. ఆ తరవాత ఏటయ్యిందో తెలుసా? కోడి సాపిన మెడ సాపినట్టే ఉండిపోనాది. పాలు పితకడానికి దూడల్ని వదిలినోళ్లు మళ్లీ కట్టేసేరు. సూర్యుడు సోడవరం దాకా వచ్చి, నా రాగం సెవిన పడి, అక్కడే ఆగిపోయేడు!”

“అయితే మాకు తెల్లారిపోనాదా?” అంది దేముడమ్మ.

“మీకు తెల్లారింది, మీరు టీలు తాగేరు. బుచ్చయ్యపేటలో మాత్రం సీకటే.”

“మధ్యలో ఊళ్లకో?” అన్నాడు ఉస్మాన్.

“మధ్యలో ఊళ్లకి మసక. నేను రాగం లాగతానే ఉన్నాను. సూర్యుడు ఎదరకి రాలేడు, ఎనక్కి పోలేడు. గానుగ కాడ బెల్లం పాకం పొయ్యెక్కింది, దిగింది, ఇంకోటెక్కింది, అదీ దిగింది, నా ఊపిరి తెగలేదు!”

అంతవరకూ మాట్లాడకుండా వింటున్న అచ్చియ్యమ్మ కొంగు సర్దుకుంది.

“బాబూ, తెలీక అడుగుతన్నాను. అంతసేపూ సూర్యుడు ఆగే ఉన్నాడా?”

“ఆగే ఉన్నాడమ్మా. కదిల్తే ఒట్టు.”

“అంతసేపూ నువ్వే పాడితే, మరి మావోడెప్పుడు పాడేడు?”

దేముడమ్మ చేతిలోని గరిటె ఆగింది. గణపతిరావు తన కథను వేళ్ల మీద ఎంచి చూసుకున్నారు. తన కథలో ఆయన పరదేశికి చోటిచ్చారు, ఉస్మాన్‌కు చోటిచ్చారు, చివరకు కోడికీ చోటిచ్చారు. ఎవరి కోసం ఆ ఆలాపన ఎత్తుకున్నానన్నారో, అతడు మాత్రం కథ అంతటా తెర పక్కనే నిలబడి ఉన్నాడు.

“ఊరుకోవే అమ్మా,” అన్నాడు సత్యారావు తల వంచుకుని.

“నేనేటన్నానురా? బాబుది గొప్ప దయే. రాగం ఎత్తుకున్నోడికి దింపుకోడం కూడా తెలిసే ఉంటాదని అడిగేను, అంతే.”

గణపతిరావు పందిరి వైపు తిరిగి చూశారు. తరువాత, అంతవరకూ ఎవరూ ఎరగని మామూలు గొంతుతో అడిగారు.

“ఒరే సత్యారావూ, అడవి పద్యం ఏ శ్రుతిలో అందుకుంటావురా?”

ఇన్నాళ్లలో ఆ మాట అతడిని అడిగినవారు లేరు. సత్యారావు తల ఎత్తాడు. “నాలుగున్నర, గురువుగారూ.”

“ఉస్మాన్ భాయ్, యుద్ధం అవగానే నాలుగున్నరలో పట్టు. జనం నన్ను వన్స్‌మోర్ అన్నా సరే, నా వేపు సూడకు. నేను కళ్లతో బతిమాలినా సూడకు.”

“సూడను,” అన్నాడు ఉస్మాన్, మాట దొరికినప్పుడే పట్టుకోవాలన్నంత తొందరగా.

అచ్చియ్యమ్మ కొడుకు వీపు మీద చెయ్యి వేసింది. దేముడమ్మ అందరికీ మళ్లీ టీ పోసింది. గణపతిరావు గ్లాసు అందుకున్నారు. పొగ ముఖానికి తగిలేసరికి ఆయన కళ్లు మళ్లీ మెరిశాయి.

“నాలుగున్నరంటే గుర్తొచ్చింది. నీ వయసులో నేను నాలుగున్నరలో ఒక్క పద్యం అందుకుంటే ఏటయ్యిందో తెలుసా?”

అచ్చియ్యమ్మ ఆయన వైపు తిరిగింది.

“ఏటీ అవలేదు,” అని గణపతిరావు టీ తాగేశారు.