మొదటి ఆదివారం నల్ల లంగా

టూటీ, నా తల్లీ, ముందు నీకు. వేదిక మీదున్న పాస్టర్ హోలిఫీల్డ్ గారికి, పెద్ద పెద్ద టోపీలతో వెనకవాళ్ళకి ఏమీ కనపడనివ్వని ముందు వరస అమ్మలకి (నవ్వులు), నాతోపాటు గుమ్మం సేవ చేసిన అక్కచెల్లెళ్ళకి ఆ తరవాతే వందనాలు.

నలభై ఒక్క ఏళ్ళు ఈ చర్చి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకి చోటు చూపించి, ఏడ్చేవాళ్ళ చేతికి విసనకర్ర అందించి, ఇవాళ దిగిపోతున్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, రాసుకోకపోతే మాట తప్పిపోతుంది. అక్షరాలు లావుగా రాశాను, కాగితాలు చూసి భయపడకండి.

పాస్టర్ గారు నన్ను క్రమశిక్షణ గల మనిషినన్నారు. నిజమే. ప్రభు బల్ల జరిగే మొదటి ఆదివారం మా సేవవాళ్ళు తల నుంచి కాలిజోళ్ళ దాకా తెల్లగా ఉండాలి. మేజోళ్ళు కాస్త రంగు మారినా ఇంటికి పంపేదాన్ని. ఆ క్రమశిక్షణతోనే నా కూతురి మీదా పడ్డాను.

టూటీకి అప్పుడు యాభై ఆరేళ్ళు, నాతోనే గుమ్మం సేవ చేసేది. నెలసరి ఆగిన రెండేళ్ళకి మళ్ళీ రక్తం కనపడింది. నాకు చెప్పలేదు. వరసగా మూడు మొదటి ఆదివారాలు నల్ల లంగాతో వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. “ఏమే, ఇస్త్రీపెట్టె చచ్చిపోయిందా? నా కూతురివని నీకు వేరే చట్టమా?” అని అందరి ముందూ అడిగాను. “తెల్లది బిగుతైపోయిందమ్మా, తప్పు నీ వంటది” అని నవ్వేసింది.



తరవాత చెప్పింది. “మన ఇంటి ఆడవాళ్ళకి గర్భసంచిలో గడ్డలు మామూలే, మీ అమ్మమ్మకీ అంతే” అన్నాను. ఆస్పత్రిలోనూ అదే మాట: స్కాన్‌లో లోపలి పొర పల్చగానే ఉంది, భయం లేదు, రక్తం గడ్డల వల్లే అని పంపేశారు. నేను చదువు లేక అన్నాను, వాళ్ళు చదువుకుని అన్నారు. ముక్క తీసి పరీక్షించి గర్భసంచి క్యాన్సర్ అని తేల్చేసరికి తొమ్మిది నెలలు గడిచాయి. ఆపైన ఏడాది తిరక్కుండానే నా చేతులతోనే దానికి తెల్లబట్టలు తొడిగి పంపించాను.

గడ్డలున్నప్పుడు స్కాన్‌లో ఆ పొర కొలత మోసం చేయవచ్చని, మన వాళ్ళకి మొండి రకం ఎక్కువగా వస్తుందని, అదొక్కటే కాక మన నొప్పి మాట ఆలస్యంగా వింటారని, ఈ జబ్బుతో మన నల్లజాతి ఆడవాళ్ళు తెల్లవాళ్ళకి దాదాపు రెట్టింపుగా పోతున్నారని, అన్నీ దాన్ని మట్టిలో పెట్టాకే తెలుసుకున్నాను. ఇదంతా దేవుడి చిత్తమని నాతో ఎవరైనా అంటే, వాళ్ళని ఇవాళ కూడా ఇంటికి పంపుతాను.

నా చోటు తీసుకుంటున్న లోర్వెట్టా, టూటీ స్నేహితురాలు, అదిగో తలుపు దగ్గరే ఉంది. తనకీ అలాగే మళ్ళీ రక్తం కనపడుతోంది. నిన్న చర్చి కింద వంటింట్లో నాతో పోట్లాడింది.

“వెర్లీనమ్మా, స్కాన్‌లో పల్చగానే ఉందన్నారు, ఇంక నన్నొదిలెయ్.”

“దానికీ పల్చగానే ఉందన్నారే.”

“మంగళవారం ముక్క తీస్తారంట. నొప్పంట. నే వెళ్ళను.”

“రేపు మైకులో చెప్తా.”

“చెప్పుకో పో, నాకేం సిగ్గు!”

అనుమతి ఇచ్చింది కాబట్టే చెప్తున్నాను. (నవ్వులు) లోర్వెట్టా, మంగళవారం ఎనిమిదింటికి నీ వాకిట్లో హారన్ కొడతాను. నొప్పికి మందు ముందే అడుగుదాం. ముక్క అక్కర్లేదంటే, ఎందుకక్కర్లేదో కాగితం మీద రాసిమ్మంటాను. రాసిచ్చేదాకా కుర్చీలోంచి లేవను. ఇన్నేళ్ళు నిలబడ్డ కాళ్ళు, వాటికి కూర్చోవడం కూడా సుఖమే. వస్తావా, రావా? ఇక్కడే చెప్పు.

(అందరూ తలుపు దగ్గరున్న లోర్వెట్టా వైపు తిరిగారు.)

“ఎనిమిదికి కాదు, ఎనిమిదిన్నరకి రా! జుట్టు సరిచేసుకోకుండా నేనెక్కడికీ రాను!”

(నవ్వులు, చప్పట్లు)

సరే, ఎనిమిదిన్నర. విన్నారుగా, మీరే సాక్షులు. నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క కనపడినా సరే, మొదటి ఆదివారం నల్ల లంగాతోనే రండి, ఈ గుమ్మంలో ఎవరూ ఏమీ అనరు. కానీ లోర్వెట్టా చెవిలో ఒక్క మాట వెయ్యండి. నా కారులో ఇంకా మూడు సీట్లున్నాయి, నాకిప్పుడు వేరే పనేమీ లేదు.

ఇంత గౌరవం చేసిన మీ అందరికీ నా దండాలు, నాకిక సెలవు. కింద చేపలు వేడిగా ఉన్నాయి, మొక్కజొన్న రొట్టె కూడా సరిపడా ఉంది. మొహమాటపడకుండా కడుపునిండా తినండి.