వంటింటి పరద మీద చీనీ అచ్చరాలు

"బాపమ్మా, నీకు చీనీ భాష వచ్చంటే మా కాలేజీల ఒక్కరు నమ్ముతలేరు. లాక్‌డౌన్ల ఎట్ల నేర్చుకున్నవో మొదటికెళ్లి చెప్పు. ఫోన్ల రికార్డు పెట్టిన."

పెట్టినవా? ఎర్ర చుక్క కనబడ్తున్నదా? మొన్న గిట్లనే పెట్టిన అన్నవ్, గంటసేపు నోరు నొయ్యంగ చెప్పినంక పెట్టుడు మరిచిన అన్నవ్. సరే గాని, భాష వచ్చు అని చెప్పకు బిడ్డా, అబద్ధమైతది. నాకు మాట్లాడరాదు. చదువస్తది, అది గూడ నలభై అచ్చరాలు. ఆగు, నలభై మూడు.

నమ్మకపోతే నమ్మకపోనీ, నేనే మొదలు నమ్మలె. నాకు తెలుగు అచ్చరం రాదు. లగ్గమైన ఏడాదే మీ తాత ఎనుక సూరత్ వచ్చిన, నలభై ఏండ్లు దాటింది, గుజరాతీ అచ్చరం రాదు, హిందీ రాదు. మేం వచ్చిననాడు ఖోలీ కిరాయి అరవై రూపాయలు, తెల్సా? అరవై రూపాయలకు ఒక్క అర్ర ఖోలీ, నల్ల బయట, మా ఎనిమిది ఇండ్లకు ఒక్కటే నల్ల, దాని కాడ లొల్లి చూడాలె నువ్వు... అగో, ఏడికో పోతున్న. ఏం చెప్తున్న? ఆఁ, చీనీ.

మీ బాపు, అంటే నా కొడుకు శీనుగాడు, అప్పుడు సూరత్ పక్కన కిమ్ అనే ఊర్ల ఒక శేట్ కారఖానాల పాత మగ్గాల మీద ఉండె. ఆ శేట్ చీనా నుంచి నీళ్ల మగ్గాలు తెప్పిచ్చిండు. నీళ్ల మగ్గమంటే దానికి నాడె ఉండదు బిడ్డా. సన్నగ నీళ్లు చిమ్ముతది, ఆ నీళ్లే పోగును ఈ కొస నుంచి ఆ కొసకు గుంజుకపోతయ్. వాటిని బిగియ్యనీకి ఆడికెళ్లే ఒక పిలగాడు వచ్చిండు. మీ బాపు ఆయనకు పానాలు అందిచ్చుకుంట పని చూసిండు. సగం మగ్గాలు బిగిచ్చినంక ఆ పిలగాడు వాళ్ల కొత్త సంవత్సరం పండుగ చేసుకొని పదిహేను రోజులల్ల వస్త అని పోయిండు. గంతే. దేశాలకు దేశాలే తలుపులు మూసుకున్నయ్, ఇగ ఏమొస్తడు?

ఆ మగ్గానికి చిన్న టీవీ అసొంటిది ఒకటి ఉంటది. మగ్గం ఆగితే ఎందుకు ఆగిందో అది చెప్తది. చెప్తది గాని చీనీల చెప్తది. ఇంగ్లీషుల మార్చే నంబరు ఉంటదట, అది ఆ పిలగాని తలకాయల ఉన్నది. ఫోన్ చేస్తే తాకలె. అప్పుడు శేట్ ఏమన్నడు, ఇటుక మందం చీనీ బుక్కు ఒకటి తీసి టేబుల్ మీద పెట్టి, పాత మగ్గాలన్ని భంగార్‌కు, పాత ఇనుము కింద అమ్ముతున్న, ఈ బుక్కు ఎవడు సమజ్ చేసుకుంటే వాడు కొత్త మగ్గాలకు మాస్టర్, లేకపోతే బయటికెళ్లి ఇంజినీర్‌ను తెస్త, మీ దారి మీరు చూసుకోండ్రి అన్నడు.

మీ బాపు ఆ బుక్కు చంకల పెట్టుకొని ఇంటికొచ్చిండు. వచ్చినకాడికెళ్లి మాస్టర్ నైతే బండి కొంట, కూలర్ కొంట అని ఒకటే ముచ్చట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న నేను. తెల్లారి లాక్‌డౌన్ పెట్టిండ్రు.

నీకు యాదికుంటదో లేదో, చిన్నదానివి. ఈ నవాగామ్ బస్తీల మన బిల్డింగు సగం ఖాళీ అయింది. రైళ్లు ఇడువంగనే అందరు మూటలు కట్టిండ్రు. మీ అమ్మ గూడ రెండు సంచులు కట్టి తలుపు కాడ పెట్టింది. నాకేమో పోబుద్ధి కాలె. ఊర్లె మనకేమున్నది? మగ్గం గుంత ఎప్పుడో పూడ్చిండ్రు, మీ చిన్నతాత దాని మీద మేకలు కట్టేస్తున్నడు. మీ తాతను కాల్చిన తాపీ నది ఒడ్డును ఇడిసిపెట్టి, ఈ వయసుల ఒకరింట్ల ఒక అర్రల పండుకోవాల్నా? నాకు మస్తు భయమైంది బిడ్డా. ఎవ్వరికి చెప్పలె గాని రోజు పొద్దుగాల లేశి ఆ సంచులే చూసేదాన్ని.

నేర్పేటోళ్లు ఉండిరి, ఎందుకు లేకుండిరి. ఫోన్ల పాఠం చెప్పే మేడమ్ నెలకు మూడు వేలు అడిగింది. జీతమే లేదు, మూడు వేలు ఏడికెళ్లి తెస్తం? ఇంట్ల ఒక్కటే ఫోను, దాని అద్దం పలిగింది, అండ్ల నీ ఇస్కూల్ పాఠాలు. నీ పాఠం అయినంక మిగిలిన నెట్టుల పుక్యానికి నేర్పే చీనీ పాఠం చూస్తుండె మీ బాపు. చూస్తుండె అంటే, ఫోను నిలవెట్టి దాని ముంగట నిద్రపోతుండె. "ఇవి అచ్చరాలా అమ్మా, చిక్కువడ్డ పోగులా" అనుకుంట మూడు వారాలకు బుక్కు మూసేసిండు.

నేను తెరిచిన. ఊకెనే తెరిచిన, పొద్దు పోక. తెరిస్తే నాకు అచ్చరాల తీరు అనిపియ్యలె, డిజైన్ తీరు అనిపిచ్చింది. నేను ఎనిమిదేండ్ల పిల్లప్పుడు మా నాయిన మగ్గం పక్కన కూసొని, అంచు మీద పువ్వు లేవాల్నంటే ఏ పోగు లేపాలె, ఏది దించాలె అని చెప్పేదాన్ని. ఒక్కసారి చూసిన అంచు నేను మరువ. చదువుకున్నోళ్లకు కొత్త అచ్చరం చూస్తే పాత అచ్చరం అడ్డమొస్తది గావచ్చు. నాకేం అడ్డమొస్తది? నాకు అన్ని భాషలు ఒక్కతీరే రావు.

బుక్కుల బొమ్మలుండె. నీళ్ల చుక్క బొమ్మ, పక్కకు అచ్చరం. తెగిన పోగు బొమ్మ, పక్కకు అచ్చరం. బొమ్మ చూసి మీ బాపు ఇది ఫలానా ఖరాబు అనేటోడు, నువ్వు ఫోన్ ఒత్తి అది ఎట్ల పలుకుతదో ఇనిపిచ్చేదానివి, నేను కుట్టేదాన్ని. ఔ, కుట్టుడే. నోటుబుక్కుల దుకాణం బందు గదా. కారఖానాల పారేసే ఏస్ట్ దారం ఇంట్ల గంపెడుండె, వంటింటి తలుపుకు తెల్లటి పరద ఉండె, దాని మీద రంగురంగుల దారాలతోటి రోజుకొక అచ్చరం కుట్టిన. ఖర్చు అంటవా, ఒక్క సూది. అది గూడ నువ్వే ఇరగ్గొట్టినవ్.

ఎదురింటి జశోదాబెన్ లేదా, ఆమె తలుపు కాడికెళ్లి చూసి, "మాసీ, రోగం ఆడికెళ్లే వచ్చిందంటున్నరు, నువ్వు ఆ భాష ఇంట్లకు తెస్తవా" అన్నది. అచ్చరాలకు మాస్క్ కట్టిన, అంటుకోవు అన్న. అలిగింది గాని ఢోక్లా పంపుడు బందు పెట్టలె, మంచిదే పాపం.

రెండు నెలలు వంట చేసుకుంట ఆ పరదను చూసుడే. ఉల్లిగడ్డ కోసుకుంట చూసుడు, రొట్టె కాల్చుకుంట చూసుడు. కండ్లు మూస్తే నలభై మూడు కనవడాలె. కనవడ్డయ్.

వాన మొదలైనంక కారఖాన తెరిచిండ్రు. శేట్ మీ బాపును పిలిచి, సోమవారం ఇంజినీర్ వస్తున్నడు, శనివారం ఒక్క మగ్గం పూర షిఫ్టు నడిపిచ్చి చూపెట్టు, నడిస్తే ఇంజినీర్‌ను వద్దంట, లేకపోతే నీకు నాకు రాంరాం అన్నడు. సంచులు ఇంక తలుపు కాడనే ఉన్నయ్ బిడ్డా. మీ అమ్మ ఇప్పలె.

శనివారం పదకొండు గొట్టంగ పప్పుకు పోపు పెడ్తున్న. శేట్ ఫోన్ నుంచి వీడియో ఫోన్ వచ్చింది. మీ బాపు మొఖంల నెత్తురు చుక్క లేదు. మగ్గం ఆగింది, టీవీ మీద ఎర్రగ మూడు అచ్చరాలు వచ్చినయ్, ఎనుక శేట్ చేతులు కట్టుకొని నిలవడ్డడు. "అమ్మా, జర చూడవే." చూసిన. మొదటిది తెల్సింది, "నీళ్లు" అన్న. "నీళ్ల మగ్గమే గదనే, నీళ్లుగాక పాలుంటయా? నీళ్లకు ఏమైందో చెప్పు" అంటడు. తర్వాతి రెండు నా నలభై మూడింట్ల లెవ్వు. పరద చూసిన, లెవ్వు. పైకెళ్లి కిందికి చూసిన, లెవ్వు. నేను కుట్టుడే తప్పు కుట్టిన, నా కొడుకు బతుకు నా చేతులనే పోయింది అనుకున్న.

అంతల వంటింట్ల సిగ్నల్ రాలె, మీ బాపు బొమ్మ ఆగిపోయింది. ఫోన్ పట్టుకొని పరద జరిపి హాల్లకు వచ్చిన. నువ్వు ఆడనే నేల మీద కూసొని బటాణీలు ఒలుస్తున్నవ్. ఎనుకకు తిరిగి చూసిన. పరద మీద ఆ రెండు అచ్చరాలు నా దిక్కే చూస్తున్నయ్, ఫోన్ల ఎట్లున్నయో అచ్చం అట్లనే.

సమజైందా? కుట్టింది హాల్ దిక్కు, నేను రెండు నెలలు చదివింది వంటింటి దిక్కు. అన్ని ఉల్టా నేర్చుకున్న. ఇంకొకరైతే ముడులు చూసి ఇది ఎనుక దిక్కు అని ఎప్పుడో గుర్తు పడుదురు. మా నాయిన మగ్గం మీద చీర ఎప్పుడు బోర్లనే పండుకొని ఉంటది బిడ్డా, నేసేటోళ్లకు దాని వీపే కనబడ్తది. ముడులు కనబడ్తే నాకు అదే సక్క అనిపిస్తది. ఆ నీళ్ల అచ్చరం ఒక్కటి ఎటు చూసినా ఇంచుమించు ఒక్కతీరే ఉంటది, అందుకే అదొక్కటి పట్టిన.

"నీళ్ల ఒత్తిడి తక్కువ" అని ఒర్లిన. జశోదాబెన్ బయటికి ఉరికొచ్చింది. మగ్గం మూడు నెలలు ఊకె నిలవడ్డది గదా, నీళ్లు వడగట్టే జాలిల పాచి వట్టింది. మీ బాపు ఇప్పి కడిగి పెట్టిండు. జరసేపటికి ఫోన్ల మగ్గం చప్పుడు ఇనవడ్డది. నేను ఆడనే కూలవడి ఏడ్సిన. నువ్వు బటాణీలు ఇడిసిపెట్టి నా కండ్లు తుడిచినవ్, యాదికున్నదా? పప్పు మాడింది, ఆనాడు ఎవ్వరేమనలె. అందరం మాడిన పప్పే తిన్నం, తిన్నంక మీ అమ్మ సంచులు ఇప్పింది.

మీ బాపు మాస్టరైండు గాని నెల దినాలు నన్ను ఉల్టా పంతులమ్మ అని ఏడిపిచ్చిండు. గుడ్డికన్న మెల్ల నయం రా, నీకు సీదా ఎన్నొచ్చినయ్ అన్న. కూరగాయల పీట హాల్లకు మార్చి నలభై మూడు మళ్ల మొదటికెళ్లి నేర్చుకున్న.

ఇగ బ్యాంకు ముచ్చట చెప్పి ఆపుత. జన్మల నేను పెట్టింది ఏలిముద్రనే. పెట్టుడు, ఎవ్వరు చూడకుండ ఆ మసి నెత్తికి తుడుసుకునుడు. ఆ ఏడు పింఛిని కాయిదం కోసం బ్యాంకుకు పోతే, రోగం భయానికి ఇంకు డబ్బి తీసేసిండ్రు, సంతకం పెట్టు మాసీ అన్నడు ఆ పిలగాడు. ఎనుక ముగ్గు గీసిన గుండ్రాలల్ల ఇరవై మంది నిలవడ్డరు. పెన్ను తీసుకొని నీళ్ల అచ్చరం పెట్టిన. ఇదేంది మాసీ అన్నడు. నా సంతకం అన్న. ప్రతిసారి గిట్లనే పెట్టాలె, పెడ్తవా అన్నడు. ఈ దిక్కు నుంచి పెట్టమంటవా, ఆ దిక్కు నుంచి పెట్టమంటవా అన్న.

నవ్వు, నవ్వు. ఇప్పటికి అదే నడుస్తున్నది. నువ్వేమో తెలుగుల నా పేరు నేర్పిస్త అంటున్నవ్. గుజరాతీ మీడియం దానివి, నీకెంతొస్తది తెలుగు? రాదు గదా. అయితే ఇద్దరం నేర్చుకుందం. పరద కింద జాగ ఉన్నది, ముందుగాల నీ పేరు కుడ్త, దాని పక్కకు నాది. సల్లగుండు బిడ్డా, నీ పేరు ఏ దిక్కుకెళ్లి చూసినా సక్కగుండాలె. ఇగ ఆ ఎర్ర చుక్క ఆర్పి, గీ సూదిల దారమెక్కియ్యి, నాకు రంధ్రం కనవడ్తలేదు...