ఉరుమును పెట్టెలో పెట్టిన సత్యనారాయణ గారు

సాయంత్రం నాలుగున్నర. ఐదింటికి సుమశ్రీకి వీడియో ఇంటర్వ్యూ. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి ఎనిమిది నెలలైంది, రెండో రౌండు దాకా రానిచ్చింది ఈ ఒక్క కంపెనీయే. అలాంటి పూట ఆ పిల్ల హాస్టల్ గదిలో కూర్చుని చదువుకోక, పంజాగుట్ట వైపు సందు చివర చిలకమ్మ టీ బండి దగ్గరికి ఎందుకు పరిగెత్తిందంటారా? వాళ్ళ గదికి సరిగ్గా పైనున్న ఫ్లాటు వీరవెంకటసత్యనారాయణ గారిది. ఆయన కొత్తగా సబ్‌వూఫర్ కొన్నారు.

బియ్యం డబ్బా అంత ఉంటుందది. పాటలో అడుగు మోత, అంటే ఆ గుమ్‌గుమ్మనే బేస్ తప్ప ఇంకోటి పలకదు. కొత్త స్పీకరు బిగువు సడలాలంటే రోజంతా మోగుతూనే ఉండాలని ఎవరో చెప్పారట, పొద్దున్నే దాన్ని మోగించి, తాళం వేసుకుని ఈ బండి దగ్గరికి వచ్చి కూర్చున్నారు. కింద గదిలో టేబులు వణుకుతోంది, దాని మీద ల్యాప్‌టాప్ వణుకుతోంది, కెమెరాలో సుమశ్రీ మొహం నీళ్ళలో నీడలా కదులుతోంది. మూడుసార్లు ఫోన్ చేసినా ఆయన ఎత్తలేదు.

"అంకుల్, ఒక్క గంట ఆపండి. ఐదింటికి నాకు ఇంటర్వ్యూ."

"ఆపడమెందుకమ్మా? ఆపడం చేతకానివాళ్ళ పని," అన్నారాయన ఫోన్ పైకెత్తి చూపిస్తూ. "మన దగ్గర డీఎస్పీ ఉంది."

బెంచీ మీద ఆటో డ్రైవర్ రాజనర్సయ్య గ్లాసు దించాడు. "పోలీసాయనా సార్?"

"డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగయ్యా! ఏ మోత ఎంత, ఎప్పుడు, ఎటు, అంతా ఈ వేలి మీదే. మొన్న మా వంటింట్లో గ్లాసులు డాన్సు చేస్తున్నాయి, మా ఆవిడ రత్నమాల ఒకటే కేకలు. నేనేం చేశాను? గ్లాసుల్ని ఊపే మోత ఒక్కదాన్నీ వెతికి పట్టుకుని, సన్నగా కోసి పారేశాను. పాట పాటలాగే ఉంది, గ్లాసులు బుద్ధిగా నిలబడ్డాయి."

"కావచ్చంకుల్, కానీ మా గదిలో..."

"నీ గదికే వస్తున్నానమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంజారా హిల్స్ నుంచి ఒకాయన కబురు పెట్టాడు. ఇల్లంతా అద్దాలే, నాలుగు సబ్‌వూఫర్లు. 'మోత నా కుర్చీలోనే ఉండాలి సత్యనారాయణ గారూ, పక్క కుర్చీకి పోకూడదు' అన్నాడు. పోనిస్తానా? అలకి ఎదురు అల వదిలాను. మిట్టకి గుంట, గుంటకి మిట్ట, అంతా సాపు! ఇటు ఆయన చొక్కా గుండీలు తెగి ఎగిరిపోతున్నాయి, అటు పక్క కుర్చీలో వాళ్ళత్తగారు గురకపెట్టి నిద్రపోతోంది."

"మస్తుగుంది సార్. గా గురక సుత కోసేయకపోయినవా?" అన్నాడు రాజనర్సయ్య.

నాలుగూ ముప్పై తొమ్మిది. పోయిన నెల ఇంకో కంపెనీవాళ్ళు 'మీ దగ్గర చాలా డిస్టర్బెన్స్' అని రెండు నిమిషాల్లో కట్ చేసేశారు. అది గుర్తొచ్చి సుమశ్రీ చెయ్యి చాపింది.

"ప్లీజ్ అంకుల్, తాళం ఇవ్వండి. నేనే వెళ్ళి ఆపుకుంటాను."

"తాళంతో పనేంటమ్మా, విను! ఒకరోజు బాల్కనీలో నిలబడి మెట్రో రైలు మీదికే ఎదురు అల వదిలాను. రైలు పిల్లిలా వచ్చింది, పిల్లిలా పోయింది. ప్లాట్‌ఫాం మీద జనం ఇంకా రాలేదనుకుని అలాగే నిలబడ్డారు! అంతటితో ఊరుకున్నానా? జూన్‌లో పెద్ద వాన పడిందే, ఆవేళ మెరుపు వచ్చింది, ఉరుము రాలేదు. గమనించావా నర్సయ్యా?"

"లే సార్. ఆటోల ఉన్న."

"ఎలా వస్తుంది? అది బేగంపేట మీదుండగానే పట్టేశాను! పట్టి పెట్టెలో పెట్టాను. నాలుగో నంబరు నొక్కితే ఇప్పటికీ అదే ఉరుము!"

నాలుగూ నలభై ఆరు. సుమశ్రీ ఇక బతిమాలలేదు. గదిలో ఉన్న రూమ్మేట్ సుకన్యకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బిస్కెట్ల డబ్బా పక్కన ఉంచింది.

"ఉరుమునే పట్టారు కదంకుల్, మా గదెంత? ఇప్పుడు తగ్గించండి."

అందరూ ఫోన్ మీదికి వంగారు. ఫోన్లోంచి ఆ అడుగు మోత వినబడలేదు గానీ, కిటికీ రెక్కల గలగల, స్టీలు ప్లేట్ల గలగల వినబడుతోంది. ఆయన తన ఫోన్లో మోత చూపించే గీతను వేలితో కిందికి లాగారు. గలగల పెరిగింది. పైకి తోశారు. ఇంకా పెరిగింది.

"ఏయ్ సుమా!" సుకన్య అరిచింది. "నీ ల్యాప్‌టాప్ టేబుల్ అంచుకు నడిచొస్తుందే! పట్టుకున్న, జల్ది రా!"

"దానికి కొంచెం టైం పడుతుంది," అన్నారాయన, గొంతు తగ్గించి.

చిలకమ్మ చాయ్ వడపోస్తూ తలెత్తకుండానే అంది. "పొద్దుగాల ఏడింటికొచ్చి కూసున్నడు బిడ్డా. ఇది తొమ్మిదో చాయ్. అమ్మగారు నిన్ననే చెల్లెలింటికి పోయింది. గా మోత చెప్పినట్టు వినేదే అయితే, సొంతింట్ల కూసోక నా బండి కాడ ఎందుకుంటడు?"

రాజనర్సయ్య చాయ్ పొలమారింది. సత్యనారాయణ గారు జేబులోంచి తాళంచెవి తీశారు.

"టీవీ వెనకాల," అన్నారు ఎవర్నీ చూడకుండా, "తెల్ల ప్లగ్గు."

ఫోనూ తాళంచెవీ పట్టుకుని సుమశ్రీ పరిగెత్తింది. మూడంతస్తులు ఒక్క ఊపిరిలో ఎక్కి, తలుపు తీసి, టీవీ వెనక చెయ్యిపెట్టి ప్లగ్గు లాగేసింది. నాలుగూ యాభై నాలుగు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ఫోన్ మోగింది.

"అమ్మా, ఇక్కణ్ణుంచే ఆపేశాను! ఫోన్లో గీత ఎలా పడిపోయిందో నర్సయ్య కూడా చూశాడు. నువ్వు ధైర్యంగా ఇంటర్వ్యూకి కూర్చో."

సుమశ్రీ చేతిలో ఉన్న ప్లగ్గు వంక చూసింది. ఇంకా ఆరు నిమిషాల టైముంది.

"థ్యాంక్స్ అంకుల్," అని మెట్లు దిగింది.