పెద్ద సంతకం విజయలక్ష్మి గారిది

వెయ్యిన్ని తొమ్మిది వందల తొంభై ఏడవ సంవత్సరం జూన్ పదహారవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి విజయలక్ష్మి గారు సూరత్ దగ్గరి పల్సానాలోని మన ముద్రణాలయంలో వర్ణ విభాగ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అదే ఉదయం, అదే విభాగంలో, ఆవిడ వెనకాల నిలబడి ఇంకొకరు కూడా చేరారు. అతడే లింగమూర్తి, అనగా ఈ వ్యాసకర్త. యజమాని శేఠ్ గారు ఆవిడ చేరిక కాగితం ముందు అందుకున్నారు గనుక ఆవిడ సీనియరయ్యారు, ఇతడు జూనియరయ్యాడు. పదవీ విరమణ అభినందన వ్యాసంలో ఇటువంటివి బాగుండవని సంచిక సంపాదకులు సున్నితంగా సెలవిచ్చారు. ఇది రాయకపోతే తక్కినది అర్థం కాదని లింగమూర్తి అంతే సున్నితంగా మొండికేశాడు.

కాకినాడలో జన్మించి, ముద్రణా సాంకేతికతలో డిప్లొమా పొంది, హజీరాలో ఇంజనీరైన భర్త వెంట సూరత్ చేరిన విజయలక్ష్మి గారు, ఫిల్ముల కాలం నుంచి కంప్యూటర్ల కాలం దాకా, చీరల డబ్బాల మీద నెమలికంఠం నెమలికంఠంగానే, మెరూన్ మెరూన్‌గానే రావడానికి అవిశ్రాంతంగా పరిశ్రమించారు. ఆవిడ విభాగాధిపతి అయినప్పటి నుంచి ప్రతి ప్రూఫు కిందా రెండు సంతకాలు ఉంటున్నాయి. సరిచూసినవారు లింగమూర్తి, ఆమోదించినవారు విజయలక్ష్మి గారు. రెండోదాన్ని మనవాళ్లు పెద్ద సంతకమంటారు. దాచడం దేనికి, ఆ పెద్ద సంతకం కోసం లింగమూర్తి ఇన్నేళ్లూ కుళ్లుకుంటూనే ఉన్నాడు. ఎవరైనా ఆవిడ కన్నును మెచ్చుకుంటే చాలు, ఇతడి కడుపులో నిప్పులు పోసినట్టుండేది.

నిరుడు రింగ్ రోడ్డు మార్కెట్లోని ఒక చీరల వ్యాపారి, తన తండ్రి నాటి డబ్బానే అచ్చు అదే రంగుల్లో మళ్లీ వేయమన్నారు. దాన్ని వేసిన యంత్రాన్ని ఎప్పుడో తుక్కు కింద అమ్మేశాం. ఆ సిరాలూ లేవు, ఆ కాగితమూ లేదు. మిగిలినదల్లా పాత కలర్ ప్రొఫైల్. ఆ ప్రొఫైల్ ఒక నిర్ణీత దీపం కింద రంగు ఎలా కనబడుతుందో చెబుతుందే తప్ప, సిరా ఏ కాంతిని ఎంత తిప్పిపంపుతుందో చెప్పదు. ఎండలోనూ ట్యూబులైటు కిందా కూడా రంగు నిలవాలంటే ఆ ప్రొఫైల్‌ను స్పెక్ట్రల్ డేటాగా, అనగా ఏ కాంతి ఎంత తిరిగొస్తుందో చెప్పే లెక్కగా, మార్చాలి. అలా మార్చడానికి అదే జాతి కాగితం మీద అదే జాతి సిరాతో కొలిచిన నమూనా ఏదో ఒకటి ఆధారంగా కావాలి.

విజయలక్ష్మి గారు సెలవులో ఉన్నారు. ఇదే అదనని లింగమూర్తి గోదాములోని తెల్లటి కొత్త కాగితాన్ని ఆధారం చేసుకుని ప్రొఫైల్ మార్చేశాడు. రంగులు సరిచూసే మన దీపం పెట్టెలో ప్రూఫు దివ్యంగా కుదిరింది. వ్యాపారి దుకాణంలో, పటం కట్టించుకున్న పాత మూత పక్కన పెట్టేసరికి మెరూన్ కాస్తా గోధుమరంగుకు తిరిగింది.

“ఆ తో చోకలేట్ ఛే,” అన్నారాయన. ఇది చాక్లెట్ రంగయ్యా అని దాని తాత్పర్యం.

ఆ వారమే సూరత్‌లో మన తెలుగువాళ్లుండే గోడాదరాలో బతుకమ్మ. పేరంటానికని విజయలక్ష్మి గారు లింగమూర్తి ఇంటికి వచ్చారు. అతడి భార్య ఎల్లవ్వ సూదులూ దారాలూ దాచుకునే డబ్బా ఆవిడ కంట పడనే పడింది. అది ఆ వ్యాపారి పాత డబ్బాయే. ఆవిడ మూత తీసి, లోపలికి మడతపడే రెక్కను విప్పి చూశారు. ఎండ తగలక, చెయ్యి తగలక, రంగుల పరీక్ష గళ్లన్నీ నిన్న అచ్చైనట్టే ఉన్నాయి.

“వదినా, ఈ డబ్బా నాకిస్తారా? మంచి కొత్తది పంపిస్తాను.”

“తీస్కపో అక్కా. మా ఆయన దాని దిక్కు ఎన్నడన్న చూసిండా ఏంది?”

చూడలేదు మరి. ఆ గళ్లను వృథా కాగితం మీద కాక రెక్క మీదే వేయించింది ఒకనాటి లింగమూర్తే. ఆవిడ వాటిని కొలిచి, ఆ కొలతల ఆధారంతో ప్రొఫైల్‌ను మార్చగా, ప్రూఫు దుకాణంలోనూ నిలిచింది, నడివీధి ఎండలోనూ నిలిచింది. సూరత్‌వాళ్ల చందీ పడవో పండుగ నాడు శేఠ్ గారు ఆవిడ ఇంటికి ఘారీ మిఠాయి పంపించారు. ఆవిడ దాన్ని ఆఫీసుకు తెచ్చి, “డబ్బా లింగమూర్తి గారింటిదండీ, మొదటి ముక్క ఆయనకే,” అన్నారు. ఇల్లు నాది, డబ్బా నాది, గళ్లు నావి, పేరు మాత్రం ఈవిడది అనుకుంటూ ఇతడు ఆ ముక్క తిన్నాడు.

పోయిన వారం ఆవిడ చేతి మీదుగా చివరి ప్రూఫు వెళ్లింది. ఆవిడ దాన్ని దీపం పెట్టెలో చూశారు, ట్యూబులైటు కింద చూశారు, కిటికీ దగ్గర చూశారు. తరువాత సరిచూసినవారు అన్నచోట తాము సంతకం చేసి, కాగితం ఇటు జరిపారు.

“పెద్ద సంతకం మీరు చేయండి, లింగమూర్తి గారూ.”

“మీరుండంగ నేనెట్ల జేస్త మేడం?”

“రంగు మీరు పెట్టిందేగా. బాగుంది. నాకు వంక దొరకలేదు.”

ఇన్నేళ్లు ఎదురుచూసిన చోట లింగమూర్తి సంతకం చేశాడు. సంతోషం కలగలేదని కాదు, కలిగింది. కానీ దాని వెనకే పాత మంట మళ్లీ రాజుకుంది. తను పీక్కోవాలనుకున్న చోటును ఇంత తేలిగ్గా, నవ్వుతూ ఇచ్చేయడం కూడా ఈవిడకే చేతనవ్వాలా? తన పదవీ విరమణ నాడు పక్కవాడికి ఇలా ఇవ్వడం తన వల్ల కాదని ఇతడికి తెలుసు.

కామ్‌రేజ్‌లోని కొత్త ఇంట్లో శ్రీమతి విజయలక్ష్మి గారు భర్తతో, బిడ్డలతో, సంపూర్ణ ఆరోగ్యంతో, కళ్లజోడు అవసరమే రాని ఆ కంటిచూపుతో నిండు నూరేళ్లు హాయిగా ఉండాలని సహోద్యోగులందరి పక్షాన లింగమూర్తి మనసారా కోరుకుంటున్నాడు. ఆవిడ అంత సుఖంగా ఉండటం చూసి కుళ్లుకోవడానికి తనకూ సరిపడా ఆయుష్షు ఇమ్మని ఆ భగవంతుణ్ణి వేడుకుంటున్నాడు.