అన్నీ రెండేసి

మసాకా ఊరి చివర, కాఫీ చెట్ల పక్కన ఓ ఇల్లు. కవలల్ని కన్నది కాబట్టి ఊరంతా నలొంగో అని గౌరవంగా పిలిచే తల్లి, ఆ కవలల్లో చిన్నవాడు కాటో, వాళ్లిద్దరి మధ్య మంచం మీద ఇండియా ప్రయాణానికి సర్దిన పెట్టె.

"మళ్లీ అన్నీ బయటికి తీస్తావేంట్రా? పొద్దుట్నుంచీ మూడుసార్లు సర్దాను."

"బరువెక్కువైందమ్మా. కాఫీ బస్తాలు తూచే కొక్కేనికి తగిలించి చూశా. ఇరవై ఆరు కిలోలు. విమానంలో ఇరవై మూడు దాటనివ్వరు."

"నువ్వెత్తావా? నాలుగడుగులేస్తే ఆయాసం, పెట్టెలెత్తుతాడంట! మీ అన్న వాస్వాతో చెప్పకూడదూ?"

"చెబుదామంటే ఏడీ వాడు?"

"ఉన్నాడులే ఎక్కడో. ఆ స్వెట్టర్లు ఇటు పడెయ్."

"ఎర్రది నాది, ఎర్రదే వాడిదీ. మాకు ముప్పై నాలుగేళ్లొచ్చాయమ్మా! అయినా చెన్నైలో స్వెట్టరేంటి? అక్కడ మనుషులు ఉడికిపోతారంట."

"ఆస్పత్రి లోపల చలి పెడతారంట."

"ఫ్లాస్కులు రెండు. దువ్వెనలు రెండు. జపమాలలు రెండు. వాడికి నెత్తి మీద వెంట్రుకే లేదు, దువ్వెనెందుకు?"

"ఉండనీ. కవలల్లో ఒకడికి పెట్టి ఒకడికి పెట్టకపోతే ఇంటికి మంచిది కాదు."

"అవును మరి. చిన్నప్పుడు నాకు మలేరియా వస్తే వాడికీ మందు పోశావు, గుర్తుందా? గుండ్రాయిలా ఉన్నవాడు, నాతోపాటు మూడురోజులు ఆ చేదంతా మింగాడు. ఇప్పటికీ ఆ పగ తీర్చుకుంటానంటాడు."

"ఆ ఫ్లాస్కులు ఇటివ్వు."

"నవ్వవేంటమ్మా?"

"నవ్వొచ్చినప్పుడు నవ్వుతాలే. మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. డాక్టరు కాగితాల కవరేదీ? పైన పెట్టుకుందాం, విమానాశ్రయంలో అడుగుతారు."

"నా దగ్గరుంది."

"నీ దగ్గరెక్కడ?"

"నడుం పట్టీలో. అన్నీ నీకెందుకు చెప్పు?"

"నా జబ్బు కాగితాలు నాకెందుకంటావేంటి! సర్లే. అవునూ, నిన్న పెట్టిన పల్లీపిండి ఏదీ?"

"తీసేశా."

"తీసేశావా? ఆపరేషనయ్యాక పల్లీల పులుసూ ఉడకేసిన అరటికాయా నా చేత్తో పెడతానన్నావు. నాలుగేళ్లైందమ్మా అరటికాయ నోట్లో పెట్టుకుని! అదొక్కటే తలుచుకుని బతుకుతున్నా."

"బరువని తీశాన్రా."

"అరకిలో పిండి బరువైందా? దువ్వెనలు బరువు కాలేదా?"

"తర్వాత చూద్దాంలే."

"తర్వాతేంటి, రేపు మధ్యాహ్నమేగా విమానం. నీకివాళ ఏమైంది? అన్నిటికీ చూద్దాంలే, ఉన్నాడులే... ఇదేంటి అడుగున, గట్టిగా?"

"అది తియ్యకు."

"ఏంటిది?"

"తియ్యొద్దంటున్నానా? ఒరేయ్, కాటో!"

"బెరడుబట్ట."

"లోపల పెట్టెయ్."

"మనిషిని పాతిపెట్టేటప్పుడు చుట్టే బెరడుబట్ట. నా చొక్కాల కింద. శుభమా అని బయల్దేరుతుంటే పల్లీపిండి తీసేసి, చావుగుడ్డ పెట్టావా?"

"అరవకు, ఆయాసమొస్తుంది."

"రానీ! నిన్నటిదాకా ఊరంతా చాటావే, వాస్వా కిడ్నీ ఇస్తున్నాడు, ఇద్దరిదీ ఒకటే రక్తం, అతికినట్టు సరిపోతుందని! చర్చిలో ఫాదర్‌తో పూజ కూడా చేయించావు. ఒక్కరోజులో ఏం ముంచుకొచ్చింది?"

"మన ఊరి కిగ్గుండు కొడుకు ఆ చెన్నై నుంచి ఎలా తిరిగొచ్చాడో చూశావుగా. ప్లాస్టిక్ సంచీలో, జిప్పు వేసి. వాళ్లమ్మ కొడుకుని ముట్టుకోలేక ఆ సంచీ పట్టుకుని ఏడ్చింది. మన బట్ట అక్కడెవరికి తెలుసురా? ఎక్కడ దొరుకుతుంది?"

"అయితే నేను పోతాననే అనుకుంటున్నావు."

"అనుకోవడం కాదు, భయం. భయంగా ఉందిరా నాకు."

"నాకు లేదా? వారానికి రెండుసార్లు కంపాలా వెళ్లి రక్తం కడిగించుకొస్తున్నది నేను. రోజుకి రెండు కప్పుల నీళ్లు, మూడోది తాగితే ఒళ్లు ఉబ్బుతుంది. వాస్వా ఉన్నాడనేగా ఇన్నాళ్లూ లాక్కొచ్చా. పక్కమంచం మీద వాడుంటాడు, కళ్లు తెరవగానే ఏదో ఒక వెధవ జోకేస్తాడు. నాకున్న ధైర్యమంతా అదే."

"అయ్యో, నా తండ్రీ..."

"సరే, ఏడవకు. ఏడవకమ్మా. పెట్టుకో నీ బట్ట, నేనేం అనను. కానీ ఇంత లావేంటిది?"

"విప్పకు."

"ఆగు. ఒకదాంట్లో ఒకటి... రెండున్నాయి!"

"ఇటివ్వు, కాటో."

"చావుగుడ్డ కూడా జంటేనా! అమ్మా! వాడు కిడ్నీ ఇచ్చొచ్చేవాడే తల్లీ, పోయేవాడు కాదు! అయ్యో, నవ్వితే పక్కలు నొప్పెడుతున్నాయి. ఒరేయ్ వాస్వా! ఇటు రారా! అమ్మ నీకేం సర్దిందో చూద్దువుగాని!"

"పిలవకు."

"పలకడేంటి? అదిగో, కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు, అరటిచెట్ల మొదట్లో కూర్చుని. వినబడకేం? వాస్వా!"

"పిలవకు నాన్నా. రాడు."

"ఎందుకు రాడు?"

"నీ మొహం చూడలేనన్నాడు."

"ఓహో. అదా సంగతి! ఇవ్వనన్నాడా?"

"కాదురా."

"భయమేసిందా? పెళ్లాం వద్దందా? చెప్పమను, పర్లేదు. పిల్లలున్నవాడు. నేనేం అనుకోను. ఒట్టు."

"ఇస్తాననే ఏడుస్తున్నాడురా. పొద్దుట్నుంచీ అదే పాట. ఇప్పుడే కోసుకోమంటున్నాడు. వాళ్లే వద్దంటున్నారు."

"ఎవరు? డాక్టర్లా? ఎందుకు?"

"వాడి పరీక్షల కాగితాలు పొద్దునొచ్చాయి. ఇద్దర్నీ ఆస్పత్రిలో చేర్చుకుని చూస్తాం, రమ్మన్నారు. వాడి కిడ్నీలూ నీవాటిలాగే పాడైపోతున్నాయంట నాన్నా. ఈసారి ఇద్దరికీ సమానంగా పెట్టింది నేను కాదు."