ఆయన పోయాక

కుట్టుమిషను ముందు ఆమె. పని నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయిన ఆమె భర్త. లిఫ్టులు బాగుచేస్తాడు.

"చెప్పవేం? నేను పోయి ఎన్నాళ్ళయింది?"

"ఏం మాటలండీ అవి! కాళ్ళు కడుక్కుని రండి, అన్నం పెడతాను."

"పోయినవాడికి అన్నమెందుకు?"

"ఎవరేం చెప్పారు మీకు?"

"చెప్పడం కాదు, చదివి వినిపించారు. నాతో పనిచేసే పొట్టివాడు లేడూ, వాళ్ళావిడ రోజూ చదువుతుందట. చదివి ఏడుస్తుందట. మధ్యాహ్నం తింటూ కూర్చుంటే ఫోను తీసి, పాపం ఎవరో మొగుడు పోయినావిడ బ్లాగు రాస్తోంది, విను అన్నా, అన్నాడు. విన్నాను."

"విని?"

"నాకూ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎంత మంచివాడో, ఇంత చిన్న వయసులో పోయాడే అనుకున్నా. అప్పుడు కింద ఫొటో చూపించాడు. మన కిటికీ. మన మిషను. చక్రానికి నేను చుట్టిన నల్లటేపు."

"ఆ ఫొటో పెట్టకుండా ఉండాల్సింది."

"అదా నీ బాధ?"

"గట్టిగా అరవకండి. పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ. వాళ్ళూ చదువుతున్నారేమో!"

"వాళ్ళు చదవరు."

"మరెవరు చదువుతున్నారు? ఎంతమంది?"

"చాలామంది."

"చాలామందంటే?"

"లెక్క చూడ్డం మానేశాను. పొద్దున లేచేసరికి కామెంట్లు కుప్పపడి ఉంటాయి."

"కుట్టుపని గురించి రాస్తానన్నావుగా నాతో!"

"రాశాను. జిప్పు ఊడితే ఎలా మార్చాలి, బిగుతైన జాకెట్టు ఎలా వదులు చెయ్యాలి, అన్నీ రాశాను. మీ చెల్లెలు చెప్పినట్టే చేశాను. వారం వారం తప్పకుండా రాయి వదినా అంది, రాశాను. పేరు చూడగానే లోపలికి రావాలనిపించాలంది, పేర్లు మార్చి మార్చి పెట్టాను. నువ్వు పదిమంది బ్లాగుల్లోకి వెళ్ళి పలకరిస్తే వాళ్ళూ నీ దగ్గరికొస్తారంది. అందరి గుమ్మాలూ ఎక్కి దిగాను. ఎవరొచ్చారు? మీ చెల్లెలు ఒక్కతే వచ్చేది. బాగుంది వదినా అనేసి పోయేది."

"ఎవరూ రాకపోతే మానుకోవాలి. మొగుణ్ణి చంపుకుంటారా?"

"చంపాలని కూర్చోలేదు. ఒకరోజు పాత చొక్కాతో చిన్న దిండు ఎలా కుట్టాలో రాస్తున్నా. ఈ చొక్కా వేసుకునే మనిషి ఇక లేడు అని ఒక్క ముక్క పడిపోయింది మధ్యలో. అంతే. సాయంత్రానికి ముక్కూమొహం తెలియనివాళ్ళంతా వచ్చేశారు. ఎలా ఉన్నావమ్మా, ఏమైనా తిన్నావా అని. ఒకావిడ, పోయింది మీవారా అని అడిగింది. అవునన్నాను."

"అవునన్నావు!"

"అవునన్నాను."

"కాదని మర్నాడు చెప్పొచ్చుగా?"

"మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు. తిన్నావా అని నన్ను అడిగినవాళ్ళెవరండీ ఈ రెండేళ్ళలో? ఎవరు అడిగారు?"

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఉంది. ఇంకొకామె మాత్రలన్నీ గుప్పిట్లో పోసుకుని కూర్చుందట. నేను రాసింది చదివి మళ్ళీ సీసాలో పోసేసిందట. రేపు నువ్వేం రాస్తావో చూడాలి, అందుకని ఉంటానక్కా అంది. ఇప్పుడు నేను మానేస్తే?"

"ఆమె బతకడానికి నేను చచ్చి ఉండాలా?"

"ముందు బూట్లు విప్పండి."

"విప్పను. ఇది చెప్పు. అందులో ఉన్నవాడెవడు? నేనైతే కాదు."

"మీరే."

"లైటు వేసి ఉంచితే తప్ప నిద్రపోనా నేను? లైటు ఉంటే కసురుకునేవాణ్ణి కదా! ఉరిమితే నీ పక్కలో దూరి చెవులు మూసుకున్నానా ఎప్పుడైనా? నిద్రలో నీ బొటనవేలు పట్టుకునేవాణ్ణా? పొట్టివాడు అది చదివి నవ్వాడు, ఈ మొగుడెవడో మరీ పసివాడిలా ఉన్నాడన్నా అని."

"చాలు."

"చాలదు. కూరలో బఠానీలు ఏరి పళ్ళెం అంచున పేర్చేవాడట. నేను బఠానీలు తింటాను. ఏరి పెట్టేది నేను కాదు. ఏరి పెట్టేది..."

"అనండి."

"ఏం లేదు."

"అనండి. ఎవరు ఏరేది?"

"మన చిన్నోడు."

"హమ్మయ్య. మీ నోట ఆ మాట విని రెండేళ్ళయింది."

"అంటే... ఆ చొక్కా?"

"వాడిదే. పసుపుది. వాడి బట్టలన్నీ మూటకట్టి ఎవరికో ఇచ్చేశారు మీరు. మంచం ఇచ్చేశారు. వాడి ఊసెత్తితే ఈ ఇంట్లో ఉండనన్నారు. ఆ చొక్కా ఒక్కటి ఉతికే బట్టల్లో ఉండిపోయి నాకు దక్కింది. నేనెక్కడ ఏడవను? మీ పేరు పెట్టుకుని వాడి కోసం ఏడ్చాను. రోజుకొకటి రాశాను. రాయాల్సినవి ఇంకా బోలెడున్నాయి."

"నాకు తెలీదే."

"మీరెప్పుడు అడిగారు?"

అతను బూట్లు విప్పి, మిషను పక్కన, నేల మీద చతికిలబడ్డాడు.

"ఇవాళ్టిది చదువు."

"ఇవాళ రాయలేకపోయాను."

"ఏం?"

"అన్నం కలిపి పెడుతుంటే ముద్దకో పేరు పెట్టేవాడు కదా. ఇది ఏనుగు, ఇది రైలు అని. ఏనుగుని ముందు మింగి రైలుని దాచుకునేవాడు. అది రాద్దామని కూర్చున్నా. కానీ మీకు నలభై ఏళ్ళు. నలభై ఏళ్ళ మనిషి ముద్దలకి పేర్లు పెడతాడంటే ఎవరు నమ్ముతారు?"

"వాడిదని రాయి."

"ఏమిటి?"

"ఇంక నన్ను అడ్డం పెట్టకు. పోయింది మా బాబు, మా ఆయన కాదు, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానని రాయి. తిట్టేవాళ్ళు తిడతారు. రాయి. నేను ఇక్కడే కూర్చుంటాను."

"వద్దండీ."

"ఎందుకొద్దు? అందరూ వెళ్ళిపోతారనా?"

"వాళ్ళు పోతే పోనీండి."

"ఆ మాత్రల ఆమె కోసమా?"

"ఆమె నన్ను క్షమిస్తుంది."

"మరెందుకు?"

"వదిలెయ్యండి. అన్నం చల్లారిపోతోంది."

"వదలను. చెప్పు. ఎవరి కోసం?"

"బాబు అంటే, ఎలా పోయాడమ్మా అని అడుగుతారు. బండి మీంచి పడి అంటాను. బండి ఎవరు నడుపుతున్నారని అడుగుతారు. ఆ ప్రశ్న మీదాకా రాకూడదనే, ఆ రోజు మీవారా అని ఆవిడ అడగ్గానే, పోయింది మీరే అన్నాను."